నాయన చెప్పిన బాతు సినిమా

కాట్పాడి నుంచి,
ఆదివారం.

అక్కకు చెల్లెలు సుగుణ నమస్కారాలు.

ఇక్కడ మేము ముగ్గురం ఉన్నంతలో బాగున్నాం. అక్కడ నువ్వూ, బావా, మీ అత్తమ్మా, చిన్నోడూ అందరూ బాగుండాలని కోరుకుంటూ రాస్తున్నాను. చిన్నోడికి జ్వరం పూర్తిగా విడిచిందా? మీ అత్తమ్మ మోకాళ్ళ నొప్పులు ఎట్లా ఉన్నాయి? మీ పలమనేరు వైపు మంచి వానలు పడ్డాయని తెలిసింది. నువ్వు చెప్పలేదు. మోర్ధానా ఆనకట్టకు కొత్త నీళ్ళు వచ్చాయని గుడియాత్తం నుంచి వచ్చినవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. మీ చేల మీద పడిన వానే కదా దిగువకు పారి మాకు ఏరుగా వచ్చేది. ఇక్కడ మాత్రం చినుకు లేదు. ఆడి నెల, అంటే మన ఆషాఢం వచ్చినా ఎండ మాడ్చేస్తోంది. వేలూరులో రెండే కాలాలు, ఒకటి ఎండాకాలం, రెండోది ఎండ ఎక్కువ కాలం అని మా కాలేజీ పిల్లలు అంటారు.

ఫోను పెట్టుకుని ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావేమో. మాకున్నది ఒకే గది అక్కా. ఫోనులో నేను ఏం మాట్లాడినా నాయనకు వినిపిస్తుంది. తెలుగులో రాస్తే ఈ ఇంట్లో చదవగలిగేవాళ్ళు లేరు. అమ్మా నాయనా బడికే పోలేదు. నేను తమిళ బడిలో చదివాను. నువ్వొక్కదానివే అవ్వ దగ్గర ఉండిపోయి తెలుగు అక్షరాలు నేర్చుకున్నావు. నువ్వు వదిలేసిన రెండో తరగతి వాచకం పట్టుకుని, కాట్పాడిలో ఆగే చిత్తూరు బస్సుల బోర్డులు చదువుకుంటూ నేను ఈ మాత్రం రాయడం నేర్చుకున్నాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది దాచి పెట్టు, వచ్చినప్పుడు చూసుకుంటాను.

పోయిన వారం ఫోనులో నువ్వు ఒక మాట అడిగావు. గోడలు కిటికీల ఎత్తుకు లేచాయి, ద్వారబంధం నిలబెట్టడానికి నాయన ఎప్పుడొస్తాడు అని. శ్రావణం రానీ అని నాయన అన్నాడు. ఆ తర్వాత బావ ముహూర్తం కూడా చూసి పెట్టాడని చెప్పావు. మన మేస్త్రి కుటుంబాల్లో కూతురి ఇంటికి ద్వారబంధం తండ్రి చేతి మీదుగానే నిలవాలి. మేనత్త ఇంటికి తాత అట్లాగే నిలబెట్టాడు. ఆ ఇల్లు రెండుసార్లు కురిసింది గానీ వాకిలి ఇంచు కూడా కదల్లేదని నాయన ఎన్నిసార్లు చెప్పాడో నీకూ తెలుసు. నీ ప్రశ్నకు జవాబు రాయడానికే కూర్చున్నాను. ఒక్క ముక్కలో రాయడానికి చెయ్యి రావడం లేదు. జరిగింది జరిగినట్టు మొదటినుంచీ రాస్తాను.

గుడియాత్తం వదిలి వేలూరు పక్కన ఈ కాట్పాడికి వచ్చాక మా బతుకు నీకు సరిగా తెలియదు. రైలు పట్టాలకు దగ్గరగా వరస ఇళ్ళలో ఒక గది. బండి పోయినప్పుడల్లా గిన్నెలు గలగలమంటాయి. మొదట్లో అమ్మ ఉలిక్కిపడేది, ఇప్పుడు ఏ బండి ఎటు పోతోందో చెప్పేస్తుంది. గుడియాత్తంలో మన వరసంతా తెలుగువాళ్ళే కాబట్టి అమ్మకు పొద్దు గడిచేది. ఇక్కడ పక్కింటావిడ తమిళంలో గబగబా మాట్లాడుతుంది, అమ్మ తల ఊపి లోపలికి వచ్చేస్తుంది. తిండికి లోటు లేదు. రేషన్ బియ్యం ఉంది, రాగి సంగటి వారానికి రెండు మూడు సార్లు. ఇక్కడ తొడిమ నిండా ముళ్ళుండే వంకాయ దొరుకుతుంది. కోసేటప్పుడు చేతికి గుచ్చుకుంటుంది గానీ నూనెలో వేస్తే వెన్నలా అయిపోతుంది. నువ్వు వస్తే అది వండి పెడతానని అమ్మ అంటూ ఉంటుంది.

నేను కాలేజీకి సరిగ్గానే పోతున్నాను. దిగులు పడకు, చదువులో ముందే ఉన్నాను. స్నేహితులని చెప్పుకోదగ్గవాళ్ళు లేరు. మధ్యాహ్నం అన్నం డబ్బా ఒంటరిగానే తింటాను. దానికీ అలవాటు పడ్డాను. నాకు ఈ మధ్య మాటల పిచ్చి పట్టింది అక్కా. తమిళం, ఇంగ్లీషు, తెలుగు ఏదైనా సరే, కొత్త మాట కనబడితే ఆ రోజంతా నోట్లో వేసుకుని తిరుగుతాను. పోయిన నెల ‘మునిమాపు’ అనే మాట చదివాను. అవ్వ మాపటేళ అనేది కదా, అదే. ఎంత బాగుందో. సాయంత్రం రైలు కట్ట మీద నడుస్తూ పదిసార్లు అనుకున్నాను. వినేవాళ్ళెవరూ లేరు కాబట్టి పైకే అనుకున్నాను.

ఈ పిచ్చితోనే శనివారాలు ఫ్రెంచి నేర్పిస్తారంటే పోయి చేరాను. మేడంది పాండిచ్చేరి. చిన్న పిల్లలకు తీసిన పాత సినిమా చూస్తే భాష సులువుగా చెవికి అలవాటవుతుందని ఆమె ఒకరోజు గది తలుపులు మూసి తెర మీద ఒక సినిమా వేసింది. రంగులు లేవు. అరగంట కూడా ఉండదు. రాతి వీధులున్న ఒక ఊళ్ళో ఒక పిల్లవాడు గంపలో తెల్ల బాతును పెట్టుకుని సంతకు పోతాడు. వంతెన మీదికి వచ్చేసరికి గంపలోంచి బాతు తల పైకెత్తి అటూ ఇటూ చూస్తుంది. ఆ బాతు మనకు తెలుసు అక్కా.

నువ్వు ఎండాకాలం సెలవులకు గుడియాత్తం వచ్చిన ఏడు గుర్తు చేసుకో. నాయన వాళ్ళు కల్యాణ మండపం కడుతున్నారు. మనం ఆ మండపం పక్కనే రేకుల షెడ్డులో ఉన్నాం. పనివాళ్ళ పిల్లలకు సాయంత్రం పాఠాలు చెప్పే సారు ఒకరు సినిమా మిషను తెచ్చాడు. తెర లేదు. నాయన ఆ వారమే తెల్ల సిమెంటు పూసి నున్నగా దిద్దిన పెద్ద గోడ ఉంది, దాని మీదే వేశాడు. బొమ్మ వచ్చింది గానీ మాట రాలేదు. స్పీకరు పాడైంది. మొదటి ముక్క కూడా తెగిపోయిందని సారు నడిమినుంచి ఆడించాడు. పిల్లలు గోల చేస్తుంటే నాయన లేచి గోడ పక్కన నిలబడి, ‘ఉండండబ్బా, నేను చెప్తా’ అని కథ మొదలుపెట్టాడు. పిల్లవాడు సుబ్బిగాడు. గంపలో బాతు సుబ్బిగాడి అత్త. అల్లుడు అత్తను సంతకు మోసుకుపోతున్నాడు. అత్త దారిపొడుగునా వాడిని తిడుతోంది. మనం పొట్టలు పట్టుకుని నవ్వాం. సుబ్బిగాడు సంత గేటు దగ్గరకు చేరేసరికి కరెంటు పోయింది. చీకట్లోనే నాయన మిగతా కథ చెప్పాడు. వ్యాపారి బాతును తూకం వెయ్యబోతే అది నోరు తెరిచి వాడిని కూడా తిట్టిందట. వాడు భయపడి ఇద్దరికీ టీ తాగించి ఇంటికి పంపేశాడట. అప్పటినుంచి నాకు ఆ సినిమా అంటే అదే కథ.

క్లాసులో మొదలూ చివరా ఉన్న సినిమా చూశాను. మొదట్లో పిల్లవాడు చాలాసేపు రాడు. తెల్లవారుజామున వీధి, ఒక్కొక్కటిగా తెరుచుకునే కిటికీలు, మోకాళ్ళ మీద కూర్చుని తడిగుడ్డతో మెట్లు కడుగుతున్న ఒక ఆవిడ. ఆ తర్వాతే వంతెన. చివరలో పిల్లవాడు బాతును అమ్మేస్తాడు. వాన పడుతుంటుంది. ఖాళీ గంప తల మీద బోర్లించుకుని అదే వంతెన మీద తిరిగి వస్తాడు. అంతే. ఎవరూ ఏడవరు, ఎవరూ ఏమీ అనరు. మేడం మమ్మల్ని ఒక్కొక్కరిని ఆ కథ గురించి ఫ్రెంచిలో ఒక వాక్యం చెప్పమంది. ‘అతను నడుస్తున్నాడు’ అన్నాను. నాకు వచ్చింది అంతే.

మేడాన్ని అడిగి ఆ సినిమాను కాలేజీలో ఇచ్చిన లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని ఇంటికి తెచ్చాను. వేలూరుకు వచ్చినప్పటినుంచీ నాయన బాగా నెమ్మదైపోయాడు. పనినుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటే లేవడు. ఒకటి రెండుసార్లు నీళ్ళ చెంబు తన్నేశాడు. కండ్లలో సిమెంటు దుమ్ము పడిందంటాడు. కాట్పాడి రోడ్డు మీద అమ్మే కళ్ళజోడు ఒకటి కొనుక్కుని, బాగా కనబడుతోందన్నాడు. మేమూ నమ్మాం. ఈ సినిమా చూస్తే నవ్వుతాడని ఆశ నాకు. పోయిన ఆదివారం సాయంత్రం తలుపు దగ్గరగా వేసి, బియ్యం డబ్బా మీద లాప్‌టాప్ పెట్టాను.

“నాయనా, గుడియాత్తంలో నీ గోడ మింద చూసినామే బాతు సినిమా, అది దొరికింది” అన్నాను.

“ఏ బాతు?”

“సుబ్బిగాడి అత్త.”

అమ్మ పొయ్యి దగ్గరనుంచే అందుకుంది. “సుబ్బిగాడి అత్తేంటికి, మా అమ్మ అని చెప్పు. అందురి ముందర మా అమ్మను బాతును చేసి పెట్టినాడు. అది నేను చచ్చేదంకా మరవను.”

“మీ అమ్మ నడక అట్లనే ఉండె గదమే. నేనేమన్నా అబద్దం చెప్పినానా” అన్నాడు నాయన. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో నవ్వు విన్నాను.

అమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది. సినిమా మొదలైంది. గంటల మోత, సన్నగా ఏదో వాయిద్యం. తెర మీద తెల్లవారుతున్న వీధి. నాయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగాడు.

“అదో, వస్తావుండాడు చూడు సుబ్బిగాడు. వారధి మింద. గంపలో మా అత్త.”

తెర మీద సుబ్బిగాడు లేడు. ఆవిడ బకెట్టు తెచ్చి మెట్ల మీద పెడుతోంది. ఎగతాళికి ముందే చెప్పేస్తున్నాడనుకుని నేను నవ్వాను.

“చూడు చూడు, గంపలోనుంచి తలకాయ ఎత్తింది. ఏమిరా అల్లుడా, సంత ఇంగా ఎంత దూరం అంటాండాది. నీ బరువుకు నడుము ఇరిగిపోతాండాది అత్తా, రవంత మాట్లాడకుండా కూచో అంటాండాడు.”

ఆవిడ గుడ్డ పిండుతోంది. మెట్టు తుడుస్తోంది. మళ్ళీ గుడ్డ నీళ్ళలో ముంచుతోంది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తెర వైపు చూస్తోంది. తర్వాత మెల్లగా నాయన మొహం వైపు తిరిగింది. ఆ కళ్ళజోడు అద్దాల్లో తెర వెలుగు కదులుతోంది. నాయన మా వైపు నవ్వుతూ తిరిగాడు. కానీ మేము కూర్చున్న చోటికి కాదు, కొంచెం పక్కకు తిరిగాడు.

“ఏమ్మే, నవ్వు రాలేదా ఈసారి?”

“వస్తాండాదయ్యా” అంది అమ్మ. “నువ్వు చెప్పు.”

నాయన చెప్పాడు. పోలీసు అడ్డం రావడం, వాన రావడం, సుబ్బిగాడు కోటు తీసి అత్తకు కప్పడం, అన్నీ వరసగా చెప్పాడు. ఒక్కటీ మరచిపోలేదు. సినిమా దాని దారిన అది పోతోంది. అసలు పిల్లవాడు గంప ఎత్తుకుని ఇంటినుంచి బయటికి అడుగు పెట్టేసరికి నాయన కథలో సంత గేటు వచ్చేసింది, వ్యాపారి టీ కూడా తాగించేశాడు.

“అయిపాయె. ఈసారి కరెంటు పోలేదు, నిండా సంతోషం” అన్నాడు.

“బొమ్మ బాగా తెలిసిందా నాయనా?” అన్నాను.

“ఎందుకు తెలీదు? గోడ మింద ఉన్నంత పెద్దగా లేదు గానీ, అంతా బాగా తెలిసింది.”

నేను లాప్‌టాప్ మూసేశాను. నీళ్ళు పట్టుకొస్తానని అమ్మ నిండుగా ఉన్న బిందె ఎత్తుకుని కొళాయి దగ్గరకు పోయింది. ఆ నీళ్ళు కాలువలో పోసేసి మళ్ళీ పట్టుకుని, చాలాసేపటికి వచ్చింది. రాత్రి ఎవరం ఆ మాట ఎత్తలేదు. మూడో అంతస్తు బయటి గోడకు పూత వేస్తున్నానని నాయన మాకు చెప్పి ఉన్నాడు. గోడ వెంబడి పైదాకా కట్టెలు కట్టిన సారం మీద నిలబడి చేసే పని అది. ఒక్క అడుగు అటు పడితే ఏమవుతుందో మేస్త్రి ఇంట్లో పుట్టినవాళ్ళకు ఒకరు చెప్పాలా?

పొద్దున్నే నాయనను ఆపి అడగడానికి అమ్మకూ నాకూ ధైర్యం చాలలేదు. పనివాళ్ళను తీసుకుపోయే వ్యాను ఎక్కి నాయన పోగానే అమ్మ నా సంచి లాక్కుంది. “ఈ పొద్దు కాలేజీకి వద్దు. వెనకాలనే పో. ఎట్లన్నా చేసి దింపుకోనిరా” అంది.

కణియంబాడి పోయే బస్సు ఎక్కి, పని జరిగే చోట దిగాను. తల ఎత్తి సారం మీద ఒక్కొక్క మనిషినీ చూసుకుంటూ పోయాను. నాయన లేడు. ఇటుకలు మోసే మంగమ్మక్క నన్ను చూసి తట్ట దించింది. గుడియాత్తంలో మన వరసలోనే ఉండేది, నీకు గుర్తుండాలి.

“యాడ చూస్తాండావు పాపా? పైన లేడు మీ నాయన. ఎక్కి శానా దినాలాయె.”

“మూడో అంతస్తు అని చెప్పినాడక్కా.”

“ఇంట్లో చెప్పలేదా? అయ్యో, పావం.” ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుంది. “ఇంగ దాచేదేముండాది. తడిమి తడిమి గోడ పూసినాడు పాపా, బాగానే పూసినాడు. స్విచ్ బోర్డుకు విడిచిన గుంత గూడా కలిపి పూసేసినాడు. కరెంటోడు వచ్చి గోడంతా కొట్టి చూసినాడు, యాడుండాదో తెలీక. ఆ పొద్దే కాంట్రాక్టరు దింపేసినాడు. మనోళ్ళంతా పోయి బతిమాలితే, సరి, ఇసుక జల్లించనీ అన్నాడు.”

“వ్యాను దిగి ఇంతదూరం ఎట్ల నడస్తాడు?”

“మా ఇంటాయన భుజం మింద చెయ్యి ఏసుకోని. ఏందో శానా స్నేహం అనుకుంటారు అందురూ.” ఆమె నవ్వబోయి ఆపేసుకుంది.

ఇసుక కుప్ప వెనక నాయన కూర్చుని ఉన్నాడు. ఎదురుగా వాల్చి పెట్టిన జల్లెడ మీదికి పారతో ఇసుక విసురుతున్నాడు. పక్కన ఇద్దరు ఆడవాళ్ళకు ఏదో కథ చెబుతుంటే వాళ్ళు నవ్వుతున్నారు. “నాయనా” అన్నాను. పార ఆగింది. ఆడవాళ్ళు లేచి అవతలికి పోయారు.

“అమ్మణ్ణీ, కాలేజీ లేదా?” అన్నాడు. నేను దగ్గరకు పోయి నిలబడేసరికి, “మీ అమ్మకు తెలుసునా?” అన్నాడు.

“తెలుసు.”

“ఎప్పుడు తెలిసింది?”

“నిన్న, సినిమాలో.”

ఆలోచించాడు. “యాడ తప్పు చెప్పినాను?”

“తప్పు చెప్పలేదు నాయనా. ఆ పొద్దు మనం చూసింది నడిమినుంచి. దీంట్లో మొదట్నుంచీ ఉండాది.”

“ఓ. దానికి ముందర గూడా ఉండాదా?” పార కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. “ఏముండాది ముందర?”

నేను ఇసుకలోనే కూర్చుని చెప్పాను. వీధి ఎట్లా ఉందో, కిటికీలు ఎట్లా తెరుచుకున్నాయో, ఆవిడ మెట్లు ఎట్లా కడిగిందో చెప్పాను. రాయి ఏ రంగని అడిగాడు. రంగుల సినిమా కాదు నాయనా అన్నాను. అయితే నల్లరాయి అయ్యుంటుందన్నాడు. ఇన్ని మాటలు నేర్చుకున్నాను కదా అక్కా, ఆ వీధిని నాయనకు కనబడేట్టు చెప్పడానికి అవి చాలలేదు. చెబుతున్నకొద్దీ ఏదో ఒకటి మిగిలిపోతూనే ఉంది.

“కరెంటు పోయినంక ఏమాయె?” అన్నాడు చివరికి.

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. “అమ్మేసినాడు నాయనా. ఉత్త గంపతో ఇంటికి వచ్చినాడు.”

“అంతేలే. సంతకు ఎత్తుకోనిపోయినంక అమ్మక ఏం చేస్తారు.” మళ్ళీ పార అందుకున్నాడు. “నాకు ఆ పొద్దే తెలుసు. పిలకాయలు ఉండారని మార్చి చెప్పినా.”

గురువారం ముగ్గురం కంటి ఆస్పత్రికి పోయాం. వేలూరుకు ఎక్కడెక్కడినుంచో మనుషులు వైద్యానికి వస్తారు కదా, మనం ఇక్కడే ఉన్నాం, ఏదో ఒక దారి ఉంటుందని అమ్మ దారంతా అంటూనే ఉంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పరీక్షలు చేశారు. డాక్టరమ్మ మంచిది, నెమ్మదిగా చెప్పింది. దీన్ని నీటికాసులు అంటారట. నొప్పి లేకుండా పక్కలనుంచి చూపును తినుకుంటూ వస్తుందట. ఒక కంట్లో ఏమీ మిగల్లేదు. రెండో కంట్లో తాళం చెవి పట్టే సందంత మిగిలింది. పోయిన చూపు ఏం చేసినా రాదు. మిగిలినదాన్ని కాపాడుకోవడానికి చుక్కలు వెయ్యాలి, అదీ ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేమంది. ఎప్పటినుంచి ఇట్లా ఉందని అడిగితే, గుడియాత్తంలోనే మొదలైందని నాయన చెప్పాడు. మాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

“గుడియాత్తంలోనే చెప్పింటే ఈపాటికి…” అని అమ్మ ఆగిపోయింది.

“చెప్పింటే ఆ పొద్దే దింపేసి ఉందురు గదమే” అన్నాడు నాయన.

శుక్రవారం నుంచి నాయన పనికి పోవడం లేదు. పెద్ద ఇంజనీరు చూస్తే మాటొస్తుందని కాంట్రాక్టరు ఇసుక దగ్గర కూడా వద్దన్నాడు. అమ్మ రెండిళ్ళలో గిన్నెలు తోమడానికి ఒప్పుకుంది. నేను ఈ నెలాఖరు దాకా కాలేజీకి పోతాను. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. బట్టల కొట్టులో మనిషి కావాలని పక్కింటావిడ చెప్పింది. నువ్వు ఏడవకు. ఏడ్చినా బావ ముందు ఏడవకు, ఫోను చేసి అడిగేస్తాడు.

ఇక నువ్వు అడిగినదానికి వస్తాను. నిన్న నాయనే ఎత్తాడు ఆ మాట.

“మీ అక్క ఇంటికి ఇంగో మేస్త్రిని పెట్టుకోమని చెప్పు. దారబందం నేను నిలబెడితే వంకరైతాది. దినామూ మీ అక్క ఆ వాకిట్లోనే పోవాల, రావాల. మీ బావ ఏమీ అనడు, మంచోడు. మీ అక్క అత్త మాత్రం ఊరందరినీ పిల్చి మరీ చూపిస్తాది.”

“తండ్రి చేతి మింద నిలవాల గద నాయనా. అక్కకు ఏమని చెప్పేది?”

“పని జాస్తిగా ఉండాదని చెప్పు. సారం మింద ఉండాడు, దిగే దానికి లేదని చెప్పు.”

సరే అన్నాను. అక్కడ సరే అని, ఇక్కడ నీకు అంతా రాశాను. నువ్వు కూడా ఫోనులో ‘ఎప్పుడొస్తావు నాయనా’ అని అడగొద్దు. పని ఎక్కువగా ఉందా, అన్నం తిన్నావా, అంతవరకే అడుగు. పలమనేరులో మంచి మేస్త్రిని చూడమని బావకు చెప్పు. ముహూర్తం మార్చుకోవద్దు. ఎదురుచూస్తే ఇంటి పని ఆగిపోతుంది తప్ప ఇంకేమీ జరగదు.

ఎవరైనా ఇటు వస్తుంటే కొత్త చింతపండు కొంచెం, ఉలవలు కొంచెం పంపు. నీ తెలుగు వాచకాలు పైతరగతులవి మిగిలి ఉంటే అవి కూడా పంపు. ఇప్పుడు నాకు మాటలు ఇంకా కావాలి. సాయంత్రాలు నాయన గడప మీద కూర్చుని, వీధిలో ఏం జరుగుతోందో చెప్పమంటున్నాడు. మీ అత్తమ్మకు, బావకు నా నమస్కారాలు. చిన్నోడికి ముద్దులు. అమ్మ అందరినీ మరీ మరీ అడిగానని రాయమంది.

ఇంకొక్కటి అక్కా. ద్వారబంధం నిలబెట్టే రోజు, చెక్క చీలలు పెట్టి సుత్తితో తట్టేటప్పుడు, నాకు ఫోను చెయ్యి. నాయన చెవి దగ్గర పెడతాను. ఆ మోత వింటే నిటారుగా నిలిచిందో, ఎటు ఒరిగిందో చెప్పేస్తానంటున్నాడు. అట్లా ఎవరూ చెప్పలేరు. అయినా వినిపించు.

మీ అందరి దీవెనలు కోరుతూ,
నీ చెల్లెలు
సుగుణ